అష్టమి నాటి పోటు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బళ్ళో అటెండరు దగ్గర్నుంచి హెడ్మాస్టరు ఏడుకొండలు గారి దాకా అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. ముక్కు మీదే ఉంటే కనీసం నాకైనా కనపడేది కదా!

నా పేరు బాలత్రిపురసుందరి. హాజరు రిజిస్టర్లో గడి చాలక బి.టి. సుందరి అని రాస్తారు. పెడనలో మగ్గాల ఇంట పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. బందరు దాటి సముద్రం వైపు ఆటోలో అరగంట వెళ్తే ఇసుకపాలెం అని చేపలు పట్టుకునేవాళ్ళ ఊరొకటి వస్తుంది. అక్కడి హైస్కూల్లో సోషల్ చెబుతాను. సర్వీసు ఇరవై ఆరేళ్ళు, ఈ బళ్ళో రెండేళ్ళు.

కార్తీకంలో విజయవాడలో మాకు ట్రైనింగ్ వేశారు. ఉపాధ్యాయుల స్వీయ మూల్యాంకనం అట. పదహారు ప్రశ్నల ఫారం ఒకటి చేతిలో పెట్టారు. ఒక్కో ప్రశ్నకి ఒకటి నుంచి నాలుగు దాకా ఎవరికి వాళ్ళే మార్కులు వేసుకోవాలి. ఇంతకంటే హాయి ఇంకేముంటుంది చెప్పండి! హాల్లో అరవై మందిమి ఉంటే అరవై మందిమీ నిండా నాలుగులు వేసుకున్నాం. నా పక్కనావిడైతే ప్రశ్నలు చదవకుండానే పైనుంచి కిందకి గీత లాగేసింది. నేను అలా కాదు, ప్రతి ప్రశ్నా చదివి మరీ నాలుగు వేసుకున్నాను. తొమ్మిదో ప్రశ్న, 'నా తరగతిలో పిల్లలు భయం లేకుండా ప్రశ్నలు అడుగుతారు.' ఎందుకడగరూ, నా తొమ్మిదో తరగతిలో సుధామణి ఉంది కదా! నాలుగు వేశాను.

మా ట్రైనర్ హెలెన్ గారు గుణదల ఆవిడ. మెల్లగా మాట్లాడుతుంది, ఆవిడ మాట్లాడుతుంటే ఫ్యాను చప్పుడు కూడా తగ్గినట్టుంటుంది. ఫారాలు వసూలు చేసుకోకుండా ఇంకో మాట చెప్పింది. "ఇవి మీ హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించి మీ దగ్గరే ఉంచుకోండి. ఏదో ఒక పీరియడ్ మీ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తరవాత ఒంటరిగా కూర్చుని వినండి. ఎవరికీ పంపక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. విన్నాక ఫారం మార్చాలనిపిస్తే మార్చండి. మూడు వారాల తర్వాత శనివారం మళ్ళీ కలుద్దాం."

సరేలే, అదెంత పని అనుకున్నాను. నా గొంతు నాకు తెలియదా?

ఇప్పుడు సుధామణి సంగతి చెప్పాలి. కిటికీ పక్క మూడో బెంచీ. చెంపలకి నూనె కారేలా జడలు, ఎప్పుడూ సగం లేచి నిలబడ్డట్టే కూర్చునేది. ఏ పాఠం చెప్పినా "మేడమ్, మా తాత ఏమన్నాడంటేనండీ" అని మొదలుపెట్టేది. వాళ్ళ తాత పోలరాజు. డెబ్బై దాటాయి, పడవ మానేశాడు, వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు. అమ్మానాన్న రొయ్యల చెరువుల మీద పనికి తెల్లవారకుండానే వెళ్ళిపోతారు కాబట్టి ఆ పిల్లని బడి గేటు దాకా దిగబెట్టేది ఆయనే. ఇద్దరూ ఏమిటో ఆగకుండా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు. గేటు దగ్గర కూడా తెగేది కాదు. బెల్లు కొట్టాక కూడా చేతులు తిప్పుతూ ఏదో చెబుతుంటే నేనే కేకలేసేదాన్ని, లోపలికి రావే తల్లీ అని.

కార్తీక పౌర్ణమి ఆ వారంలోనే శుక్రవారం పడింది. మా ఇంటిల్లిపాదీ ఎప్పట్లాగే మంగినపూడి వెళ్ళి సముద్రస్నానం చేసొచ్చాం. పెడనలో మా వాళ్ళకి అదొక ఆనవాయితీ. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి. ఆ రెండు రోజులూ మగ్గాలకి సెలవు, సముద్రానికి ప్రయాణం. నా చిన్నప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు షేరాటో. సోమవారం బడికొచ్చి ఆ ఊపులోనే తొమ్మిదో తరగతికి సముద్రాల పాఠం మొదలుపెట్టాను. ఫోన్ టేబుల్ మీద బోర్లించి రికార్డు నొక్కాను. పాఠం బ్రహ్మాండంగా వచ్చిందనిపించింది. పిల్లలు నవ్వారు కూడా.

ఆ తర్వాత మూడు వారాలూ ఆ రికార్డింగు జోలికే పోలేదు. తీరికేదీ? తొమ్మిదో తరగతి ఎందుకో బుద్ధిగా తయారైంది. మధ్యలో అడ్డు తగిలేవాళ్ళు లేరు, పాఠాలు చకచకా అయిపోతున్నాయి. నాకు నేను మురిసిపోయాను. పొద్దున గేటు దగ్గర సుధామణి తాతకి పదడుగులు ముందు నడుస్తోంది, వెనక్కి తిరక్కుండా లోపలికి వెళ్ళిపోతోంది. పెద్దపిల్ల అవుతోంది కదా, సిగ్గు అనుకున్నాను.

మూడు వారాల తర్వాత శనివారం పొద్దున్నే బందరులో విజయవాడ బస్సెక్కాను. హెలెన్ గారు విన్నారా అని అడిగితే ఏం చెప్పాలి? అబద్ధమాడటం నాకు రాదు, వచ్చినా అతకదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మార్గశిరం మంచు. కిటికీ బయట పొలాలు కనపడీ కనపడకుండా ఉన్నాయి. కోతకొచ్చిన వరి మంచులో తడిసి ఒరిగిపోయి, ఎక్కడ చేను అయిపోయి ఎక్కడ కాలవ మొదలవుతుందో తెలియట్లేదు. బస్సు పోతోందా, పొలాలే పోతున్నాయా అన్నట్టుంది. అందులో చెవుల్లో ఎవరో ఆడమనిషి గొంతు. మొదట గుర్తుపట్టలేదు సుమండీ! గీరగా, తొందరగా, ఎవరో తరుముకొస్తున్నట్టు మాట్లాడుతోంది. ప్రశ్న అడుగుతుంది, ఊపిరి తీసేలోపల తనే జవాబు చెప్పేస్తుంది. "ప్రపంచంలో పెద్ద మహాసముద్రం ఏది? పసిఫిక్. రెండోది ఏది? అట్లాంటిక్." అయ్యో, పిల్లల్ని చెప్పనివ్వవమ్మా అని నాకే విసుగొచ్చింది. ఆ ఆడమనిషి మీద కోపం కూడా వచ్చింది. కాసేపటికి గానీ అది నేనే అన్న సంగతి ఒంటికి పట్టలేదు.

పామర్రు దాటాక బస్సులో అందరూ తూగుతున్నారు. నేనూ సగం నిద్రలోకి జారాను. మగ్గం మీద నేసిన బట్ట నేసినట్టే ముందున్న దోనె కర్రకి చుట్టుకుపోతుంది, తప్పు పడ్డా నేసేవాడికి కనపడదు, అంతా అయ్యాక విప్పితేనే తెలుస్తుంది. మా నాన్న విప్పుతున్నట్టూ, నేను పక్కన నిలబడి చూస్తున్నట్టూ ఏదో కల. ఆ కలలోకి ఇరవై రెండో నిమిషం వచ్చింది.

"పోటు ఎప్పుడొస్తుంది? పౌర్ణమికీ అమావాస్యకీ. మొన్న శుక్రవారం నేను కళ్ళారా చూశాను, నీళ్ళు మెట్ల దాకా ఎక్కాయి." నా గొంతు.

తరవాత ఒక పల్చటి గొంతు. "మేడమ్, రోజూ వస్తుందండీ. రోజుకి రెండుసార్లండీ. మా తాత ఏమన్నాడంటేనండీ, ఇవాళొచ్చిన టైముకి రేపు రాదంట, ముప్పావుగంట పైనే లేటుగా వస్తుందంటండీ, మరి చంద్రుడు కూడా రోజూ లేటుగానే కదండీ..."

"ఓహో! సముద్రానికి కూడా బస్సు టైమింగులున్నాయటర్రా! పోలరాజు గారి బస్టాండు!"

క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వులన్నిటిలోకీ పెద్ద నవ్వు నాదే. పిల్లలు ఆపేశాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

"తాతల కబుర్లు ఇంటి దగ్గరే పెట్టి రా అమ్మా. పుస్తకంలో ఉన్నదే చదువు. కూర్చో."

బెంచీ చప్పుడు. అంతే. తర్వాత పద్దెనిమిది నిమిషాలు పాఠం సాగింది. ఆ పల్చటి గొంతు మళ్ళీ రాలేదు. ఉయ్యూరులో బస్సు ఆగింది, పంచదార ఫ్యాక్టరీ వైపు నుంచి తీపివాసన వస్తోంది, నేను వెనక్కి జరిపి జరిపి వింటున్నాను. ఆ రోజే కాదు, మూడు వారాల నుంచీ ఆ గొంతు నా క్లాసులో వినపడలేదు. నేను మురిసిపోయిన బుద్ధి అదన్నమాట! తొమ్మిదో ప్రశ్నకి నాలుగు!

ఒట్టేసి చెబుతున్నాను, ఆ మాటలన్నట్టు నాకు గుర్తే లేదు. ఆ పిల్లకి గుర్తుంది, పోలరాజుకి మనవరాలు చెప్పే ఉంటుంది, ఫోన్‌కి కూడా గుర్తుంది. నాకు ఒక్కదానికే లేదు.

ట్రైనింగ్‌లో హెలెన్ గారు ఎంతమంది విన్నారని అడిగింది. ముగ్గురం చెయ్యెత్తాం. ఎలా ఉంది అంటే మిగతా ఇద్దరూ ఏదో చెప్పారు. నా వంతు వచ్చింది. "ఫారం ఇవ్వడానికి ఇంకో రెండు రోజులు ఇవ్వండి మేడమ్," అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, తీసుకోండి అంది.

నన్ను తప్పు పట్టకండి, నా బుర్ర అప్పటికీ వంకర్లే పోతోంది. తిరుగు బస్సులో నాలో నేను బేరమాడుకున్నాను. నవ్వడం తప్పే, ఒప్పుకున్నాను. కానీ పాఠం? పాఠం కరెక్టే కదా! ఫోన్లో చూస్తే పోయేది కదా అంటారేమో, చూశాను. రోజుకి రెండుసార్లు అనే ఉంది. ఫోన్లో సవాలక్ష ఉంటాయి అనుకున్నాను. పాఠ్యపుస్తకం తీశాను. పౌర్ణమికీ అమావాస్యకీ వచ్చేవి పెద్ద పోట్లు అని అచ్చులో ఉంది. ఆ 'పెద్ద' అన్న మాటని ఇరవై ఆరేళ్ళుగా మింగేసి పాఠం చెబుతున్నాను. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ సముద్రాన్ని చూస్తున్నదాన్ని, నాకా చెప్పేది!

ఆదివారం కాలెండర్ చూశాను. అష్టమి. పౌర్ణమీ కాదు, అమావాస్యా కాదు. డబ్బాలో పులిహోర పెట్టుకుని, ఇంట్లో పనుందని చెప్పి, ఒక్కదాన్నే మంగినపూడి వెళ్ళాను.

ఎప్పుడూ జనంతో కిటకిటలాడే చోటు, ఆ రోజు ఒక్క పిట్ట లేదు. అక్కడి ఒడ్డు నల్లగా ఉంటుంది, ఇసుక కంటే మట్టి ఎక్కువ. పదిగంటలకి సముద్రం ఎక్కడో దూరంగా పడుకుని ఉంది. నేను ఎన్నడూ చూడనంత దూరంగా. మధ్యలో నల్లటి తడినేల, దాని మీద చిన్న చిన్న పీతలు. సముద్రం అలా ఉంటుందని కూడా నాకు తెలియదు. ఒక సరుగుడు పుల్ల తెచ్చి సరిగ్గా నీటి అంచున గుచ్చాను. పైకి వచ్చి చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చున్నాను. రా, చూస్తాను నీ సంగతి అన్నట్టు.

గంట గడిచింది. ఏమీ లేదు. గాలి ఉంది, వెలుగు ఉంది, నేనున్నాను. ఇరవై ఆరేళ్ళలో ఇంతసేపు మాట్లాడకుండా ఎప్పుడు కూర్చున్నాను? పీరియడ్ బెల్లు లేదు, అటెండెన్సు లేదు. పన్నెండింటికి పులిహోర తిన్నాను. కళ్ళు వాలిపోతున్నాయి. అల వచ్చి పోయే చప్పుడుకి మగ్గం చప్పుడు కలిసింది, మా నాన్న నాడె విసురుతున్నాడు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, పక్కన తొమ్మిదో తరగతి పిల్లలంతా బెంచీల మీద నీళ్ళల్లో కూర్చుని ఉన్నారు, అందరూ నోళ్ళు కదుపుతున్నారు, ఎవరి మాటా వినపడటం లేదు. నేను అరుస్తున్నాను, గట్టిగా చెప్పండర్రా అని. కలలో కూడా అరుపులే నాకు!

పాదాలు చల్లగా తగిలి లేచాను.

నీళ్ళు నా కాళ్ళ దాకా వచ్చేశాయి. సరుగుడు పుల్ల లేదు, అది గుచ్చిన చోటు లేదు, నల్లటి నేల లేదు, పీతలు లేవు. అంతా నీళ్ళే. టైము మూడు కావస్తోంది. నా చెప్పుల్లో ఒకటి ఉంది, రెండోది అల్లంత దూరంలో తేలుతూ పోతోంది. సముద్రం మీద, పట్టపగలు, పల్చగా సగం చంద్రుడు. అష్టమి చంద్రుడు మధ్యాహ్నానికే పైకొస్తాడని కూడా నేను ఎన్నడూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. అంత నిశ్శబ్దంగా, ఎవరూ అడక్కుండా, ఎవరి స్నానం కోసమూ కాకుండా నీళ్ళు వచ్చేశాయి. నిన్నా వచ్చి ఉంటాయి. నేను పుట్టిన రోజునా వచ్చి ఉంటాయి.

అప్పుడు వెలిగింది నాకు. నేను సముద్రాన్ని చూసిందల్లా పౌర్ణమి నాడే! రెండేళ్ళుగా ఇసుకపాలెం వెళ్తున్నా బడి గేటు దాటి ఒడ్డు దాకా పోయిందే లేదు. ఏడాదికి రెండుసార్లు, ఉదయం పూట, స్నానానికి వచ్చి, నిండుగా ఉన్నప్పుడు చూసి, ఇదే సముద్రం అనుకుని ఇంటికెళ్ళిపోయాను. యాభై రెండేళ్ళుగా. ఆ చూసిన దాన్ని పట్టుకుని, సముద్రంలోనే బతికే ఇంటి పిల్లని నిలబెట్టి నవ్వాను. ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి, ఒంటి చెప్పుతో నిలబడి ఏడ్చాను.

సోమవారం పొద్దున్నే ఏడుకొండలు గారి గదిలోకి వెళ్ళి, ఫారం మార్చి ఇస్తానని చెప్పాను. తొమ్మిదోదానికి ఒకటి, జవాబు కోసం ఆగడం అన్నదానికి ఒకటి, విషయ పరిజ్ఞానానికి రెండు. ఆయన కళ్ళజోడు తీసేశాడు.

"ఏంటి మేడమ్ ఇది? నేను ఆల్రెడీ సంతకం పెట్టేశాను. మండలంలో ఎవరూ మూడు కంటే తక్కువ వెయ్యలేదు. మన స్కూలు ఒక్కటే అడుగున కనపడితే ఎవరు సమాధానం చెప్పాలి? మార్కులు వెయ్యమన్నది మాత్రం నిజం రాయమనా?"

"మరెందుకు సార్?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. మంచివాడే పాపం, ఆరు నెలల్లో రిటైరవుతాడు. "మీ ఇష్టం అండీ. మీ కోపం మీ మీద మీరే చూపించుకుంటానంటే నేనెవర్ని ఆపడానికి," అన్నాడు.

తొమ్మిదో తరగతిలోకి వెళ్ళాను. అటెండెన్సు తియ్యలేదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఇరవై రెండో నిమిషం వినిపించాను. నా నవ్వు వచ్చేసరికి ఒకరిద్దరు పిల్లలు మళ్ళీ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. పిల్లల ముందు ఇలా నిలబడితే రేపట్నుంచి ఎవరైనా లెక్కచేస్తారా అని లోపల పీకుతూనే ఉంది.

"నేను చెప్పింది తప్పు," అన్నాను. "సుధామణి చెప్పింది ఒప్పు. పోటు రోజూ వస్తుంది, రెండుసార్లు వస్తుంది. నిన్న నేను వెళ్ళి చూసొచ్చాను. తెలియకుండా పాఠం చెప్పడం ఒక తప్పు, తెలిసిన పిల్లని నవ్వులపాలు చెయ్యడం ఇంకా పెద్ద తప్పు. సుధామణీ, నన్ను క్షమించమ్మా." ఫారం బల్ల మీద పరిచి, తొమ్మిదో ప్రశ్న బోర్డు మీద రాసి, నాలుగు కొట్టేసి ఒకటి వేశాను.

వెనక బెంచీలో గంగాప్రసాద్ లేచాడు. వాడు లేచాడంటే ఏదో అల్లరే.

"మేడమ్, మీకు మార్కులు తగ్గించమని ఎవరైనా చెప్పారాండీ?"

"లేదురా."

"మరి మీరే ఎందుకు తగ్గించుకున్నారండీ?"

"నాకు నేనే విన్నాను కాబట్టి."

వాడు బుర్ర గోక్కున్నాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. "మేడమ్, మొన్న మ్యాపు పాయింటింగులో నాకు పదికి తొమ్మిది వేశారు కదండీ. అట్లాసు ఒళ్ళో పెట్టుకుని పెట్టానండీ. చూడకుండా పెడితే నాలుగు వస్తాయేమోనండీ." అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. వాణ్ణి అమాంతం ముద్దు పెట్టుకోవాలనిపించింది. నాలుగే వేసుకోరా, వచ్చే సోమవారం మళ్ళీ పెడుదువుగాని అన్నాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు లేచి ఏవేవో ఒప్పుకున్నారు.

కానీ నేను ఎవరి కోసం ఇదంతా చేశానో ఆ పిల్ల తలెత్తలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోయారు, తను పుస్తకాలు సర్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళాను.

"ఇంకా కోపమా తల్లీ? నవ్వానని కదా. తప్పైపోయిందన్నాను కదా."

"కోపం కాదండీ." గొంతు చాలా చిన్నగా వచ్చింది. "మీరు నవ్వినందుకు కాదండీ."

"మరి?"

"నేను మిమ్మల్ని నమ్మానండీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఈసారి మాత్రం నోరు మూసుకుని ఆగాను. ఆ పిల్ల పుస్తకం అట్టని గోటితో గీకుతూ చెప్పింది. "మీరు మేడమ్ కదండీ, మీరు చెప్పారంటే అదే నిజం అనుకున్నానండీ. ఇంటికెళ్ళి తాతని తిట్టానండీ. నీకేం తెలీదు, నువ్వు చెప్పేవన్నీ అబద్ధాలు, నీ వల్ల క్లాసంతా నన్ను చూసి నవ్వారు అన్నానండీ. ఇంక నాకేం చెప్పొద్దు అన్నానండీ. అప్పట్నుంచీ తాత ఏమీ చెప్పట్లేదండీ. ఏమీ మాట్లాడట్లేదు. నేను ఇప్పుడు వెళ్ళి ఏం చెప్పాలండీ?"

నా నవ్వుకి ఆ పిల్ల నొచ్చుకుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. నన్ను నమ్మిందని, నన్ను నమ్మినందుకు ఇంట్లో మనిషిని పోగొట్టుకుందని ఎలా ఊహిస్తాను? ఆ ఫారంలో పదహారు ప్రశ్నలున్నాయి గానీ, మీ మాట పిల్లలు నమ్మితే ఏమవుతుంది అన్న ప్రశ్న లేదు.

"నువ్వేం చెప్పక్కర్లేదు. సాయంత్రం నేనొస్తాను," అన్నాను.

నాలుగింటికి బడి వదిలాక ఇద్దరం కలిసి నడిచాం. ఊరు చివర సముద్రపు నీళ్ళు పాయగా లోపలికి వస్తాయి, అక్కడ వాళ్ళిల్లు. ఎండ పండిపోయి అన్నీ ఒకే రంగులో ఉన్నాయి, వలలు, పడవలు, మనుషులు, కోళ్ళు. పోలరాజు గుమ్మం ముందు కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించుకుని అల్లుతున్నాడు. నన్ను చూసి గాభరాగా లేచి నిలబడి, తుండుతో కుర్చీ దులిపాడు.

"రండి పంతులమ్మగారూ, కూకోండి. పిల్లేవన్నా తప్పు చేసిందా?"

"పిల్ల కాదండీ, నేను." నేను కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పోటు సంగతి మీరు చెప్పిందే నిజమండీ, నేను తెలియక తప్పు చెప్పాను, మీ పేరు పెట్టి పిల్లల ముందు ఎగతాళి చేశాను, దాని వల్ల సుధామణి మిమ్మల్ని అనరాని మాటలంది, ఆ మాటలు దానివి కావు, నావి.

ఆయన చేతిలో వల అలాగే పట్టుకుని విన్నాడు. పాయలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, కదలకుండా.

"మీరన్నారని చెప్పిందమ్మా పిల్ల," అన్నాడు చివరికి. "మీరు సదువుకున్నోరు. నేను ఏలిముద్రగాణ్ణి. పంతులమ్మగారు చెప్పాక ఇంక మాటేముంది అనుకున్నా. రోజూ పోయి సూత్తానే ఉన్నానమ్మా. నీళ్ళు ఎక్కుతానే ఉండాయి, దిగుతానే ఉండాయి. ముసిలోణ్ణైపోయా, నా కళ్ళే తప్పేమో, లేనిది సూత్తన్నానేమో అనుకున్నా. అరవై ఏళ్ళు తప్పే సూశానేమో అని..."

తుండుతో మొహం తుడుచుకున్నాడు.

సుధామణి వాకిట్లోనే నిలబడి ఉంది, సంచీ కూడా దించలేదు. మెల్లగా వచ్చి తాతకి ఎదురుగా నేల మీద కూర్చుంది. వల అంచు ఒకటి చేతిలోకి తీసుకుంది.

"తాతా," అంది. "రేపు పోటు ఎన్నింటికి?"

ఆయన నోరు తెరిచాడు. ఆగాడు. మనవరాలి మొహం మీంచి చూపు తిప్పి, నా వైపు చూశాడు. చెప్పమంటారా అన్నట్టు.

అరవై ఏళ్ళు ఆ నీళ్ళ మీద బతికిన మనిషి, రేపు నీళ్ళెప్పుడొస్తాయో చెప్పడానికి నా అనుమతి కోసం చూస్తున్నాడు.

"నాకు తెలియదండీ," అన్నాను. ఒక విద్యార్థి ముందు నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. "నిజంగానే తెలియదు. మీరే చెప్పాలి."

ఇంకా కాసేపు నన్నే చూశాడు. తర్వాత నన్ను వదిలేసి, మెల్లగా పిల్ల వైపు తిరిగాడు.

"రేపు నువ్వు బడి నుంచి వచ్చి ఇంత అన్నం తినేలోపల ఎక్కుద్దే. ఎల్లుండి దీపాలు పెట్టే ఏళకి. ఆవలెల్లుండి..."

ఆయన చెప్పడం అవనే లేదు, "మరి పొద్దున వచ్చేదో తాతా?" అని సుధామణి అడ్డు తగిలింది.